స్ప్రింగు నెత్తిన యడాగమం

తెలుగు పండితునికి మోటారు బండి స్ప్రింగులతో ఏమి పని అని మిత్రులు ముక్కున వేలు వేసుకోవచ్చు. మూడు దశాబ్దాలకు పైగా సంధులు, సమాసాలు, ఛందస్సు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, గడచిన వానాకాలంలో రెండు పూటల పాటు గాజువాక ఆటోనగరులో ఒక షెడ్డు ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే యోగం పట్టింది. అక్కడ చూచినదీ, విన్నదీ, ఇంటికి వచ్చి అలవాటు కొద్దీ నోటు పుస్తకంలో రాసుకున్నదీ ఇక్కడ పెడుతున్నాను. విషయం ఒక్కటే: కొండదారులలో తిరిగే బండిని ఎత్తు చేయడానికి కాయిల్ స్ప్రింగు మీద పెట్టే స్పేసరు అనే బిళ్ళ. టపా కొంచెం పొడవైనది. ఓపిక గలవారు చదవగలరు.

బండి మా మేనల్లుడిది. వాడు పశువైద్యుడు, పాడేరుకు ఆవల కొండ గ్రామాలలో పశువులకు టీకాలు వేయడం, ఈతకు కష్టపడే ఆవులను చూడడం వాడి పని. కూర్మన్నపాలెంలో మా ఇంటి నుండి బయలుదేరితే అనకాపల్లి, చోడవరం, మాడుగుల మీదుగా ఘాటు రోడ్డెక్కి పాడేరు చేరాలి. 2022 ఏప్రిల్ 4 నుండి పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకు కేంద్రమైంది. అక్కడి వరకూ దారికి ఏ లోపమూ లేదు. అసలు కథ ఆ తరువాత మొదలవుతుంది. తారురోడ్డు దిగి పక్కకు తిరిగితే చాలాచోట్ల రెండు చక్రాల గాళ్ళు, నడుమ గడ్డి మొలిచిన మిట్ట, ఆ మిట్టలో దాగిన రాళ్ళు. వానకు గాళ్ళు లోతవుతాయి. మిట్ట మాత్రం తన ఎత్తును తాను విడవదు.

ఆ దారులు నాకూ కొత్త కావు. ఉద్యోగ కాలంలో ఎన్నికల విధులకు ముంచంగిపుట్టు, పెదబయలు వైపు వెళ్ళినవాడినే. అప్పటి జీపులకు కాయిల్ స్ప్రింగులు లేవు. కమాను కట్టలు ఉండేవి. ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కు పట్టీల ఆ కట్ట ఎంత మొండిదంటే, బ్యాలెట్ పెట్టెలూ మేమూ ఒకే లయలో ఎగిరిపడేవాళ్ళం. ఎత్తు చాలకపోతే డ్రైవరు కమాను కట్టలో ఇంకొక పట్టీ వేయించేవాడు. బండి లేచేది, మా వెన్నెముకలు దానికి మూల్యం చెల్లించేవి. ఎత్తు కావాలంటే సుఖం పోవలసిందే అని నేను అప్పుడే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం పూర్తిగా నిజం కాదని తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మావాడిది 2023 జూన్‌లో మన దేశంలో విడుదలైన అయిదు తలుపుల మారుతి జిమ్నీ. ముందూ వెనుకా రెండు వైపులా గట్టి ఇరుసులే, నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులే. నేలకూ బండికీ నడుమ ఎడం 210 మిల్లీమీటర్లు. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్య దూరం 2,590 మిల్లీమీటర్లు. మూడు తలుపుల దానికి 2,250 మాత్రమే. ఈ 340 మిల్లీమీటర్ల నిడివి వెనుక కూర్చునే వారికి వరం, మిట్ట దాటేటప్పుడు శాపం. గుర్రం పొడవైన కొద్దీ దాని పొట్ట కంచెకు తగులుతుంది కదా!

నెలకు పదిరోజులు పొట్ట రాచుకుంటూ తిరిగిన బండిని వాడు దారిలో ఒకచోట చూపించాడు. అక్కడివారు అరగంటలో పని ముగించారు. వెనుక స్ప్రింగుల చుట్ల నడుమ గట్టి రబ్బరు దిమ్మలు దూర్చి, బండి లేచిందని చెప్పి పంపారు. నిజమే, లేచింది. కాని అది మొదలు వెనుక భాగం గంతులు వేయనారంభించింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, దారిలేని ఊరి నుండి డోలీ మీద మోసుకువచ్చిన జ్వరపు మనిషిని రోడ్డు మొదట్లో వీడి బండిలోకి మార్చారు. ఆసుపత్రి చేరేలోపల వెనుక పడుకున్న ఆ మనిషి ప్రతి గతుకుకూ మూలిగాడట. తడిసిన ఘాటు మలుపులో ఒకసారి వెనుక చక్రాలు నేల విడిచినట్లు పక్కకు జరిగాయట. "మావయ్యా, బండి ఎత్తయింది గాని నాది కాకుండా పోయింది" అన్నాడు వాడు, ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ. ఈసారి రెండంగుళాల ఎత్తునిచ్చే స్పేసర్ల జత తెప్పించి, ఆ దిమ్మలు తీయించి వీటిని వేయించాలని వాడి ఆలోచన. పెట్టె కూడా అప్పటికే మా ఇంటికి వచ్చి ఉంది. నేను ఆటోనగరుకు తోడు వెళ్ళడానికి కారణమిది.

మెకానిక్కు ఏభయ్యేళ్ళ పైబడినవాడు. పెట్టె విప్పి చూపించబోతే చేత్తో వారించాడు. "పెట్టె తర్వాత సూద్దాం డాట్టరు బాబూ. బండి ఎక్కడ తగుల్తందో ముందు అది సూడాలి కదా" అని గోనెపట్టా పరచుకొని బండి కిందికి దూరాడు. పది నిమిషాల తరువాత నన్ను కూడా వంగి చూడమన్నాడు. "మాస్టారూ, ఈ గీతలు సూడండి. ఇయి ఇరుసు పొట్టకి తగిలినయి. అయి అక్కడ, మజ్జినున్న రేకుకి తగిలినయి. రెండూ ఒకటి కాదు. బిళ్ళ ఏస్తే మజ్జినున్నది లెగుస్తాది. ఇరుసు మాత్రం లెగదు."

ఆ మాటలో ఈ విద్య సగం ఉంది. ఇరుసు చక్రాలను పట్టుకొని ఉంటుంది. ఇరుసు మీద స్ప్రింగు, స్ప్రింగు మీద చాసీ, చాసీ మీద మనం. స్ప్రింగు నెత్తిన బిళ్ళ పెడితే దానికి పైనున్నదంతా లేస్తుంది. కిందనున్న ఇరుసు, దాని నడుమ గుమ్మడికాయ వంటి డిఫరెన్షియల్ గుల్ల ఉన్నచోటనే ఉంటాయి. ఇరుసును లేపగలది టైరు ఒక్కటే. అదైనా టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే. కనుక బండి రాయికి తగిలిందని చెప్పడం చాలదు. బండిలో ఏది తగిలిందో చెప్పాలి. పద్యంలో తప్పుందని చెప్పే విద్యార్థిని యతిలోనా, ప్రాసలోనా, గణంలోనా అని మేము అడిగేవాళ్ళం. తప్పున్న చోటు తెలియనిదే దిద్దుబాటు ఎక్కడ?

ఇక స్ప్రింగు సంగతి. స్ప్రింగు ఎంత సాగుతుందో, ఎంత కుంగుతుందో అది మోసే బలానికి అనులోమంగా ఉంటుందని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. లెక్క సులభంగా ఉండడానికి, ఒక స్ప్రింగు ప్రతి 2 కిలోల బరువుకు 1 మిల్లీమీటరు కుంగుతుంది అనుకుందాం. దాని మీద 300 కిలోలు పడితే 150 మిల్లీమీటర్లు కుంగి నిలుస్తుంది. ఇప్పుడు దాని నెత్తిన 20 మిల్లీమీటర్ల బిళ్ళ పెట్టాం. బరువు మారలేదు, కనుక కుంగుడు మారదు, అదే 150. బండి మాత్రం 20 మిల్లీమీటర్లు లేచింది. అంటే బిళ్ళ వలన స్ప్రింగు గట్టిపడదు, మెత్తబడదు. దాని స్వభావం దానిదే.

చుట్ల నడుమ దూర్చే రబ్బరు దిమ్మ దారి వేరు. అది రెండు చుట్లను కదలనీయకుండా బిగబట్టి ఉంచుతుంది. కదిలే చుట్ల సంఖ్య తగ్గిన కొద్దీ స్ప్రింగు మొండిదవుతుంది. బండి లేవడానికి కారణం ఆ మొండితనమే. జ్వరపు మనిషి మూలుగుకు కారణమూ అదే. బజారులో ఈ రెండింటినీ ఒకే పేరుతో అడిగేవారూ, ఒకే పేరుతో అమ్మేవారూ ఉన్నారు. తేడా చూపరికి అంగుళమంత. పడుకున్న రోగికి ఆమడంత.

ఇక్కడ నా పాండిత్యం ఊరకుండక ఒక మాట అందించింది. మా వ్యాకరణంలో ఆగమం, ఆదేశం అని రెండున్నాయి. ఆగమం మిత్రుని వంటిదనీ, ఆదేశం శత్రువు వంటిదనీ గురువులు చెప్పేవారు. మిత్రుడు వచ్చి మన పక్కన కూర్చుంటాడు. శత్రువు మనలను లేపి మన పీట మీద తాను కూర్చుంటాడు. 'మా అమ్మ' అన్నప్పుడు సంధి కుదరక రెండచ్చుల నడుమ యకారం వచ్చి కూర్చుంటే 'మాయమ్మ' అవుతుంది. ఎవరి అక్షరమూ పోలేదు. అది యడాగమం. 'అపుడు చనె' అన్నది 'అపుడు సనె' అయితే చకారం పోయి సకారం వచ్చింది. అది ఆదేశం. పాత స్ప్రింగు తీసి పొడవైన కొత్త స్ప్రింగు వేయడం ఆదేశమైతే, ఉన్న స్ప్రింగును ఉండనిచ్చి పైన బిళ్ళ చేర్చడం ఆగమం. ఈ మాట మెకానిక్కుకు చెబితే నవ్వి, "మిత్రుడే మాస్టారూ. కాపోతే మిత్రుడొక్కడే రాడు, సుట్టాలనట్టుకొస్తాడు" అన్నాడు.

ఆ చుట్టాల జాబితా అతడు ఒక్కొక్కటిగా చెప్పాడు. నేను రాసుకున్నాను.

మొదటిది షాకబ్జరు. దాని నిడివికి ఒక హద్దుంది. బండి నిలిచి ఉన్నప్పుడు చక్రం ఇంకా 90 మిల్లీమీటర్లు కిందికి వేలాడగలదు అనుకుందాం. గోతిలోకి చక్రం దిగినప్పుడు నేలను విడవకుండా పట్టుకునేది ఆ వేలాటే. 50 మిల్లీమీటర్ల బిళ్ళ వేస్తే షాకబ్జరు నిలిచి ఉండగానే 50 సాగిపోయి ఉంటుంది, మిగిలేది 40. బయటికి ఎత్తుగా కనిపించినది లోపల లోతు నుండి తెచ్చుకున్న అప్పు. గోతి వచ్చినప్పుడు చక్రం గాలిలో నిలబడిపోతుంది. షాకబ్జరు కొసకు వెళ్ళి టక్కుమంటుంది. అప్పు తీర్చాలంటే పొడవైన షాకబ్జర్లు కావాలి.

రెండవది బ్రేకు గొట్టం. ఇరుసు కిందికి దిగిన కొద్దీ అది బిగుస్తుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు కూడా గొట్టంలో వదులు ఉండాలి. లేకపోతే ఏమవుతుందో ఘాటు రోడ్డు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. చక్రవేగం కనిపెట్టే తీగ సంగతీ అంతే.

మూడవది ఇరుసును పక్కలకు కదలకుండా పట్టే అడ్డుకడ్డీ. దాని ఒక కొన చాసీకి, ఒక కొన ఇరుసుకు. బండి లేస్తే కడ్డీ వాలు పెరుగుతుంది. వాలు పెరిగితే అడ్డంగా దాని నిడివి తగ్గి, ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. కడ్డీ 900 మిల్లీమీటర్లు, దాని రెండు కొనల ఎత్తుల తేడా 50 అనుకొని పైథాగరస్ లెక్క వేసి చూచాను. బండి 50 లేస్తే ఇరుసు 4 మిల్లీమీటర్లకు పైగా జరుగుతుంది. 20 లేస్తే ఒకటిన్నరకు లోపే.

నాలుగవది ముందు ఇరుసు వాలు. సైకిలు ముందు ఫోర్కు నిలువుగా కాక కొంచెం వాలుగా ఉండడం అందరం చూచినదే. చేతులు వదిలినా సైకిలు తిన్నగా పోయేది ఆ వాలు సాయంతో. బండికీ అటువంటి వాలు ఉంది. జిమ్నీ వంటి బండిలో ముందు భాగాన్ని లేపితే ఇరుసును పట్టిన చేతులు వాలి, ఇరుసు తిరిగి, ఆ వాలు తగ్గుతుంది. మలుపు తిప్పిన స్టీరింగు తనంతట తాను తిన్నబడే గుణం సన్నగిల్లి, వేగంలో బండి అటూ ఇటూ వెదకినట్లు పోతుంది. దానికి వేరే బుష్షులు వేయాలి.

అయిదవది ఇరుసు పైకి వచ్చినప్పుడు అడ్డుకునే రబ్బరు. బిళ్ళ చోటు ఆక్రమించింది కనుక స్ప్రింగుకు కుంగే చోటు అంత మేర తగ్గింది. రబ్బరు అడ్డుకొనకముందే చుట్లు ఒకదానికొకటి తగిలి దెబ్బతినకుండా ఆ రబ్బరును కూడా బిళ్ళ మందాన కిందికి దించాలి.

అన్నిటికంటె పెద్ద చుట్టం గరిమనాభి. చక్రాల నడుమ వెడల్పులో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే బండి పక్కకు ఒరగకుండా నిలిచే శక్తికి ఒక స్థూలమైన కొలత వస్తుంది. వెడల్పు 1,400, గరిమనాభి ఎత్తు 650 అనుకుంటే ఆ కొలత 1.08. పైభాగం 50 లేచి గరిమనాభి 40 పెరిగితే 1.01. అంకెలలో చిన్న తేడా. కాని ఒక పక్క గోడ, ఒక పక్క లోయ ఉన్న మలుపులో ఆ చిన్న తేడాయే మన కుటుంబం.

ఇంత విన్న తరువాత మావాడు కొంత చిన్నబోయాడు. "అయితే వద్దంటారా?" అన్నాడు. ఆయన వద్దనలేదు. "బండిలో ఏటేటి మోస్తారో అయన్నీ ఇక్కడ దింపండి" అన్నాడు. టీకాల మంచుపెట్టెలు, పనిముట్ల సంచి, తాళ్ళు, పశువును నిలపడానికి వాడే ఇనుప కడ్డీలు, నీళ్ళ డబ్బాలు అన్నీ నేల మీదికి వచ్చాయి. పక్కనున్న పాతసామాను కొట్టు కాటా మీద పెట్టి తూచితే దగ్గర దగ్గర 80 కిలోలు. మొదట రబ్బరు దిమ్మలు పీకి, బరువుతో ఒకసారి, బరువు లేకుండా ఒకసారి, చక్రం నడిబొడ్డు నుండి మడ్‌గార్డు అంచు వరకు కొలిచాడు. బరువుతో వెనుక భాగం 20 మిల్లీమీటర్లు దిగింది. పైన చెప్పిన హుక్ లెక్క మిత్రులకు జ్ఞాపకం ఉంటే, రెండు స్ప్రింగులకు చెరి 40 కిలోలు, చెరి 20 మిల్లీమీటర్లు.

"మీ బండి పొట్టిది కాదు బాబూ. నడుం వంగింది" అన్నాడు మెకానిక్కు. ఆ మాట విని నేను కుర్చీలో సర్దుకొని కూర్చున్నాను. వీడు ఇన్నాళ్ళూ లేని ఎత్తు కోసం వెదకుతున్నాడు. పోయిన ఎత్తు సంగతి చూడలేదు. నిత్యం వెనుక ఉండే బరువు వలన తోక దిగి, మధ్య భాగమూ దిగి, మిట్టకు తగులుతున్నది. అంతేకాదు, తోక దిగితే ముక్కు లేస్తుంది; రాత్రి ఘాటులో వీడి దీపాలు ఎదుటివారి కళ్ళలో పడుతున్నాయని ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో అప్పుడు గుర్తుకు వచ్చింది. రెండంగుళాల పెట్టెను పక్కన పెట్టి, వెనుక రెండు స్ప్రింగులకూ 20 మిల్లీమీటర్ల బిళ్ళలు మాత్రం వేయడానికి నిర్ణయమైంది.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కేరళ నుండి వచ్చిన ఒక వ్యాజ్యంలో ఆ సంగతినే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఎ సెక్షను, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారం గాని, రెండూ గాని విధించవచ్చునంటుంది. చూడడానికి బాగుందని నాలుగంగుళాలు లేపి ఊళ్ళో తిరిగే కుర్రవాళ్ళు ఇది చదువుకోవాలి. తయారీదారు ఇచ్చిన ఎత్తుకు బండిని తిరిగి తెచ్చుకోవడం వేరు, దానిని దాటిపోవడం వేరు అని నా అభిప్రాయం. అయినా నా అభిప్రాయం తీర్పు కాదు కనుక, పనికి పూనుకొనక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం, బీమా వారికి చెప్పడం క్షేమం. మావాడు బీమా వారికి లిఖితపూర్వకంగానే తెలిపాడు.

పని మరునాడు ఉదయం జరిగింది. ముందు చక్రాలకు దిమ్మలు అడ్డుపెట్టి, బండి వెనుక భాగాన్ని జాకీతో లేపి, చాసీ కింద ఇనుప స్టాండ్లు పెట్టాడు. జాకీ మీద నమ్మకంతో ఎవరూ బండి కింద తలపెట్టరాదని కుర్రవాడికి రెండుసార్లు చెప్పాడు. ఇంకొక జాకీ ఇరుసు కింద. చక్రాలు తీసి, షాకబ్జర్ల కింది బోల్టులు పానాతో విప్పి, బ్రేకు గొట్టం మీద ఒక చేయి ఉంచి, ఇరుసును అంగుళం అంగుళంగా దించాడు. ఒకచోటికి వచ్చేసరికి స్ప్రింగు తనంతట తానే వదులై చేతికి వచ్చింది. స్ట్రట్టు మీద స్ప్రింగు బిగించిన కార్లలో ఇలా కాదట. అక్కడ స్ప్రింగు నొక్కుకొని ఉండగానే పైన ఒక నట్టుతో బంధించి ఉంటుంది. సరైన బిగింపు పరికరం లేకుండా ఆ నట్టు విప్పితే స్ప్రింగు తుపాకి గుండు వలె లేచి మనిషిని చంపగలదు. ఇంటి దగ్గర చేసుకుందామనుకునే ఉత్సాహవంతులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలని ప్రార్థన.

స్ప్రింగు పైకొన కూర్చునే రబ్బరు పీటకు పైన బిళ్ళ పెట్టి, స్ప్రింగు కింది తోక దాని గాడిలో సరిగా కూర్చున్నదో లేదో వేలితో తడిమి చూచి, ఇరుసును మళ్ళీ పైకి ఎత్తాడు. రెండో వైపు కూడా అంతే. చక్రాలు పూర్తిగా వేలాడదీసి బ్రేకు గొట్టంలో వదులు చూచాడు, ఉంది. అడ్డుకునే రబ్బరు కింద బిళ్ళ మందానికి సరిపడా ముక్క చేర్చాడు. బోల్టులు మాత్రం అప్పుడే పూర్తిగా బిగించలేదు. ఎందుకని అడిగితే, చక్రాలు గాలిలో ఉండగా బిగిస్తే బుష్షు రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడి, బండి నేలకు దిగగానే మెలితిరిగి ఉండిపోతుందనీ, కొద్ది నెలలకే చీలిపోతుందనీ చెప్పాడు. బండిని నేలకు దించి, సామాను అంతా ఎక్కించి, నాలుగుసార్లు పైనుండి నొక్కి ఊపి, అప్పుడు తుదిబిగింపు వేశాడు. అయిదువందల కిలోమీటర్ల తరువాత మళ్ళీ వచ్చి బిగింపు చూపించమన్నాడు. చివరగా, వెనుక భాగం లేచింది కనుక దీపాల చూపును గోడ మీద గీత గీసి సరిచేశాడు.

ఇక ఇరుసు పొట్ట మీద గీతల సంగతి. దానికి బిళ్ళ లేదు, మందు లేదు. "రాయి కనపడితే మీరు రెండు సక్రాల మజ్జికి తీసుకుంటన్నారు. అందరూ అలగే తీసుకుంటారు. రాయి మీదికి సక్రం ఎక్కించండి. అప్పుడు ఇరుసు దానంతటదే లెగుస్తాది" అన్నాడు. రాయి చక్రాల నడుమకు వస్తే తగిలేది ఇరుసులో అన్నిటికంటె కిందికి వేలాడే గుల్లకే. రాయి చక్రం కిందికి వస్తే చక్రంతో పాటు ఇరుసూ, గుల్లా అన్నీ లేస్తాయి. రూపాయి ఖర్చు లేని ఎత్తు అది. కాని దానికి మెల్లగా పోవడం, దిగి చూడడం, ఏ చక్రం ఏ రాయి ఎక్కుతుందో ముందే ఊహించడం కావాలి. డోలీ మోసేవారు చేసేదీ ఇదే కదా. ఏ రాయి మీద అడుగు వేయాలో ముందువాడు చూస్తాడు. వెనుకవాడు ఆ అడుగులో అడుగు వేస్తాడు.

నెల తిరగక ముందే ఒక రాత్రి మావాడి ఫోను. ఆ రోజు మళ్ళీ ఒక డోలీ ఎదురైందట. ఈసారి వృద్ధురాలు, కాలు విరిగింది. పెట్టెలన్నీ ఊళ్ళోనే దింపి, వెనుక సీటు మడిచి, దుప్పట్లు పరచి ఆమెను పడుకోబెట్టి, కూడా కూతురిని ఎక్కించుకొని బయలుదేరాడు. దారి పొడవునా వాడు రెండు చెవులూ వెనుకకే ఉంచాడట. సగం దూరం వచ్చేసరికి చప్పుడేమీ వినపడక కంగారుపడి బండి ఆపి చూస్తే, ఆమె నిద్రపోతున్నది. ఇది చెబుతున్నప్పుడు వాడి గొంతులో వినిపించిన తృప్తి, ఆ రెండంగుళాల పెట్టె ఇంటికి వచ్చిననాటి ఉత్సాహం కంటె నాకు ఎక్కువగా నచ్చింది. ఆ పెట్టె ఇంకా మా అటక మీద ఉంది. బండి ఇప్పటికీ అప్పుడప్పుడు రాయికి తగులుతూనే ఉంది, మునుపటంత కాదు.

బండిని ఎత్తు చేయదలచిన యువ మిత్రులకు ఈ ముసలి పంతులు చెప్పగలిగినది కొద్దే. ముందు బండి కిందికి దూరి గీతలు చూడండి. తరువాత సామాను తూచండి, నాలుగు మూలలా ఎత్తు కొలవండి. పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడానికి పలుచని బిళ్ళ మంచి మిత్రుడే. లేని ఎత్తు కావాలంటే దానితో వచ్చే చుట్టాలందరికీ విస్తళ్ళు వేయగల స్తోమత, ఓపిక, అనుమతి ఉన్నాయో లేదో చూచుకోండి. వెనుక సీటులో కూర్చునేవారిని కూడా ఒక మాట అడగండి. వారి వెన్నెముకకూ ఒక అభిప్రాయం ఉంటుంది.

ఒక చిన్న కోరిక. కమాను కట్ట అన్న చక్కని మాట మనకు ఉన్నట్లు కాయిల్ స్ప్రింగుకు, స్పేసరుకు ఏ జిల్లాలోనైనా పనివారి నోట స్వచ్ఛమైన తెలుగు మాట వినిపిస్తే దయచేసి తెలియజేయగలరు. మా ఆటోనగరులో రెండోదానిని బిళ్ళ అంటున్నారు. నాకు ఆ మాట నచ్చింది. యడాగమం అన్నది మాత్రం నేనొక్కడినే అంటున్నాను. ఇంకెవ్వరూ అనకపోయినా నాకు నొప్పి లేదు.